ప్రాణం కాపాడే మందు కూడా అమానతే

రోగం వచ్చేది అల్లాహ్ ఆజ్ఞతోనే, స్వస్థత చేకూరేదీ అల్లాహ్ ఆజ్ఞతోనే. ఇది ప్రతి ముస్లిం విశ్వాసం. అయితే కొందరు ఈ విశ్వాసం నుంచే ఒక పొరపాటు ఫలితాన్ని తీస్తుంటారు. "చావు రాసిపెట్టి ఉంటే మందు ఆపుతుందా? ఆయుష్షు ఉంటే మందు లేకున్నా బతుకుతాడు" అంటారు. జలుబు, జ్వరాల విషయంలో ఈ మాట అన్నా పెద్ద నష్టం కనబడదు. కాని బతకడానికీ చావడానికీ మధ్య కొన్ని నిమిషాలే ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి. అలాంటి చోట ఈ మాట ఎంత బరువైనదో ఆలోచించాలి.

అటువంటి జబ్బుల్లో తీవ్రమైన ఎలర్జీ ఒకటి. వైద్యులు దీన్ని అనాఫైలాక్సిస్ అంటారు. దీనికి మందు ఉంది. దాన్ని ముందే ఇంట్లో ఉంచుకోవలసిన కుటుంబాలు కూడా ఉన్నాయి. మరి ఆ మందును ఉంచుకోవడం, భద్రపరచడం, వేళకు వాడటం మన ధర్మంలో ఎలాంటి విషయం? ఇష్టముంటే చేసి లేకపోతే మానేసేదా? లేక రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసినదా?

జబ్బు ఏమిటి, మందు ఏమిటి?

అందరికీ మేలు చేసే వస్తువు కొందరి శరీరానికి పడదు. కొందరికి తేనెటీగ లేదా కందిరీగ కాటు పడదు. కొందరికి పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, రొయ్యలు, గుడ్డు పడవు. మరికొందరికి పెన్సిలిన్ వంటి మందులే పడవు. శరీరంలో అల్లాహ్ ఏర్పరచిన రక్షణ వ్యవస్థ ఆ వస్తువును శత్రువుగా భావించి ఒక్కసారిగా తిరగబడుతుంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పెదవులు, నాలుక వాస్తాయి. గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి ఆడదు. రక్తనాళాలు సడలిపోయి రక్తపోటు పడిపోతుంది. కొందరికి వాంతులు, కడుపునొప్పి వస్తాయి. దద్దుర్లు లేకుండానే మనిషి కూలబడిపోవడం కూడా ఉంటుంది.

వస్తువు మంచిదైనా కొందరికి పడకపోవచ్చన్న సంగతి ముస్లిం వైద్యులకు ఏనాడో తెలుసు. వసంతకాలంలో గులాబీలు పూసినప్పుడు కొందరికి వచ్చే జలుబు గురించి అబూబక్ర్ అర్రాజీ వెయ్యి సంవత్సరాలకు పూర్వమే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. ఇక ప్రాణాంతకమైన ఎలర్జీకి ఇప్పుడున్న పేరు పెట్టింది ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. అది 1902వ సంవత్సరం. ఒక సముద్ర జీవి విషాన్ని మొదటిసారి తట్టుకున్న కుక్కలు, కొన్ని వారాల తర్వాత అదే విషం అతి కొద్దిగా ఇస్తే నిమిషాల్లో చనిపోవడాన్ని వారు గమనించారు. ఈ పరిశోధనకు 1913లో రిషేకు నోబెల్ బహుమతి లభించింది. ఇందులో మనకు ఒక పాఠం ఉంది. "పోయినసారి తేనెటీగ కుడితే దద్దుర్లే వచ్చాయి, ఏమీ కాలేదు" అని ధీమాగా ఉండటానికి వీల్లేదు. ఈసారి అంతే జరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

దీనికి మొదటి మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు మధ్యభాగంలో, కండలోకి సూదిగా ఇస్తారు. అది సడలిన రక్తనాళాలను బిగిస్తుంది, మూసుకుపోతున్న శ్వాసనాళాలను తెరుస్తుంది, గుండెకు బలమిస్తుంది. ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ పదార్థాన్ని అల్లాహ్ ప్రతి మనిషి శరీరంలోనే, మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథుల్లో పెట్టాడు. భయం వేసినప్పుడు గుండె దడదడలాడేది దానివల్లనే. 1901 నాటికి జపాను శాస్త్రవేత్త జోకిచి తకామినె దాన్ని శుద్ధరూపంలో వేరుచేయగలిగాడు. ఈనాడు దాన్ని రసాయన పద్ధతిలో తయారుచేస్తున్నారు.

ఇంకొక మాట. ఎవిల్, సిట్రజిన్ వంటి గోలీలు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును అవి తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలపలేవు. గోలీ వేసి "చూద్దాంలే" అని కూర్చోవడమే చాలాచోట్ల ప్రాణం మీదికి తెస్తుంది.

మందు ఉంచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమా?

తవక్కుల్ అంటే అల్లాహ్‌పై భారం వేయడం. ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, విడిచిపెట్టి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టేయమనీ, ఆ తర్వాత నమ్ముకోమనీ దైవప్రవక్త (స) ఉపదేశించారు. చికిత్స చేయించుకోమని కూడా ఆయన ఆదేశించారు. మందు లేని రోగాన్ని అల్లాహ్ దించలేదని తెలియజేశారు. ముసలితనం ఒక్కటే దీనికి మినహాయింపు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై వెళ్తూ అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయించిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామన్నది హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన జవాబు సారాంశం. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, రోగం ఎలా తఖ్దీరో మందు కూడా అలాగే తఖ్దీరు. తేనెటీగ కుట్టడం రాసి ఉన్నచోటే సూదిమందుతో బతకడం కూడా రాసి ఉండవచ్చు. ఏది రాసి ఉందో మనకు తెలియదు. మనకు తెలిసింది, మన చేతిలో ఉన్నది ప్రయత్నం ఒక్కటే. జరిగిపోయిన తర్వాత "తఖ్దీరు" అనుకోవడం సబ్ర్. జరగకముందే "తఖ్దీరు" అని చేతులు ముడుచుకోవడం బద్ధకం.

దమ్ చేయించడం, దుఆ చదవడం గురించి కూడా చెప్పుకోవాలి. ఇవి నిరాకరించదగినవి కావు. దైవప్రవక్త (స) నమాజులో ఉండగా తేలు కుట్టింది. ఆయన ఉప్పు, నీళ్లు తెప్పించి కుట్టిన చోట రాస్తూ, మరోవైపు సూరాలు పఠించారని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించారు. చేతితో మందు, నోటితో దుఆ. రెండూ ఒకే సమయంలో జరిగాయి. ఒకటి అయ్యాక మరొకటి అని ఆయన ఆగలేదు. కనుక రోగిని తీసుకుని దమ్ చేసేవారి ఇంటికి పరుగెత్తి, అక్కడినుంచి దవాఖానాకు వెళ్లడం సున్నత్ కాదు. సూది ఇచ్చే చేయి సూది ఇవ్వాలి, దుఆ చదివే నోరు దారి పొడవునా చదువుతూ ఉండాలి.

తెలియకుండా చేస్తే ఒక తప్పు, తెలిసీ చేయకపోతే ఒక తప్పు

ఇక్కడ అసలైన చిక్కు ప్రశ్న వస్తుంది. ఎదుట మనిషి ఊపిరాడక గిలగిలలాడుతున్నాడు. మందు ఇంట్లోనే ఉంది. "నేను డాక్టరును కాను. నా చేతిలో ఏమైనా జరిగితే?" అని భయం. ఇది సహజమైన భయమే. పైగా దీనికి షరీఅత్‌లో ఆధారం కూడా ఉన్నట్లు కనబడుతుంది. వైద్యం తెలియనివాడు వైద్యం చేస్తే జరిగే నష్టానికి అతనిదే బాధ్యత అని అబూదావూద్ హదీసులో ఉంది.

అయితే అదే అబూదావూద్‌లో మరో సంఘటన ఉంది. ఒక ప్రయాణంలో ఒకరికి తలకు రాయి తగిలి గాయమయింది. ఆ తర్వాత అతనికి స్నానం విధి అయింది. నీటికి బదులు తయమ్ముమ్ చేసుకునే సడలింపు తనకు ఉందా అని తోటివారిని అడిగాడు. లేదని వారన్నారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ వార్త విని దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని, తెలియనితనానికి మందు అడగడమేనని మందలించారు.

ఈ రెండు హదీసులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తెలియక చేయి పెట్టవద్దంటోంది. రెండోది తెలుసుకోకపోవడమే నేరమంటోంది. మరి మార్గమేది? ఆపద వచ్చిన ఘడియలో రెండు దారులూ మూసుకుపోతాయి. చేస్తే భయం, చేయకపోతే ప్రాణం పోతుంది. కాని ఆపదకు ముందు, తీరికగా ఉన్న రోజుల్లో దారి విశాలంగా తెరిచే ఉంటుంది. డాక్టరును అడగవచ్చు, నేర్చుకోవచ్చు, రాసుకోవచ్చు. కనుక ఈ విషయంలో అల్లాహ్ మనల్ని ప్రశ్నించేది ఆ అయిదు నిమిషాల గురించి మాత్రమే అనుకోకూడదు. అంతకుముందు గడిచిపోయిన అయిదు నెలల గురించి కూడా ప్రశ్న ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా ఒకసారి ఇలాంటి ఎలర్జీ వచ్చి ఉంటే ఇవి తెలుసుకోవడం ఇంటిపెద్ద బాధ్యత. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి కాపరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు కదా. విదేశాల్లో ఈ మందు ఆటో-ఇంజెక్టర్ రూపంలో దొరుకుతుంది. తొడకు గట్టిగా నొక్కితే సరిపోయే పెన్ను లాంటి సాధనం అది. అమెరికాలో 1987 నుంచి వాడుకలో ఉంది. మన జిల్లా పట్టణాల్లో సాధారణంగా దొరికేది ఒక మిల్లీలీటరు గాజు ఆంప్యూల్. దాన్ని సిరంజిలోకి తీసుకుని ఇవ్వాలి. మోతాదును వైద్యులు బరువు బట్టి, కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన నిర్ణయిస్తారు. పెద్దవారికైనా ఒకసారికి 0.5 మిల్లీగ్రాము, అంటే అర మిల్లీలీటరు మించదు. ఈ లెక్క పత్రిక చదివి వేసుకునేది కాదు. మీ డాక్టరు చేత, మీ ఇంటి మనిషి పేరుతో, తెలుగులోనో ఉర్దూలోనో రాయించుకోవాలి. ఆయన ఎదుటే సిరంజి పట్టుకుని రెండుసార్లు నేర్చుకోవాలి. నేర్పిన తర్వాత కూడా మీకు ధైర్యం చాలకపోతే, ముందుగా నింపిన సిరంజి ఇవ్వగలరా, దాన్ని ఎన్నాళ్లకొకసారి మార్చాలి అని అడగాలి.

ఈ పని సామాన్యుల వల్ల కాదని అనుకోవద్దు. మన దేశంలో టీకాలు వేసే ఏ.ఎన్.ఎం. సోదరీమణులకు కూడా ఈ సూదిని మొదటి మోతాదుగా ఇవ్వడంలో శిక్షణ ఉంది. వారి వద్ద దీనికోసం ప్రత్యేక కిట్ ఉంటుంది. 2021లో కరోనా టీకా తీసుకున్నాక అరగంట కూర్చోబెట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ అరగంట ఈ జబ్బు కోసమే.

అమానత్‌ను భద్రపరచాలి

ఎవరి ప్రాణమో నిలిపే వస్తువు మన ఇంట్లో ఉందంటే అది అమానత్. అమానత్‌ను దగ్గర ఉంచుకుంటే సరిపోదు, పాడుకాకుండా చూడటం కూడా బాధ్యతే. ఈ మందుకు వేడి పడదు, వెలుతురు పడదు. 25 డిగ్రీల లోపు ఉంచాలని సాధారణంగా పెట్టె మీద రాసి ఉంటుంది. మన సిద్దిపేట, దుబ్బాక, హుస్నాబాద్ ప్రాంతాల్లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో పైఅరపై పెట్టిన మందు, ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో వదిలేసిన మందు బలం కోల్పోతుంది. అలాగని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు. ఆటో-ఇంజెక్టర్‌ను ఫ్రిజ్‌లో కూడా పెట్టవద్దని తయారీదారులు చెబుతారు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, నీడగా ఉండే గదిలో, దాని పెట్టెలోనే ఉంచాలి. బయటికి వెళ్లేటప్పుడు వేడి సోకని సంచిలో వెంట తీసుకెళ్లాలి. మందు నీళ్లలా తేటగా ఉండాలి. గులాబీ లేదా గోధుమ రంగుకు తిరిగినా, లోపల నలకలు కనబడినా మార్చేయాలి. గడువు తేదీని నెలకొకసారి చూడాలి. చాంద్ కనబడిన రోజు చూసే అలవాటు చేసుకుంటే మరచిపోరు.

మరో ముఖ్యమైన సంగతి. చాలా ఇళ్లలో విలువైన వస్తువని దీన్ని అల్మారాలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కరు బజారుకు వెళ్లిన వేళకే ఆపద వస్తే? చిన్నపిల్లలకు అందకూడదు, కాని పెద్దలందరికీ చోటు తెలియాలి. గల్ఫ్ నుంచి కొడుకు తెచ్చిన ఇంజెక్టర్ ఎలా తెరవాలో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే అది ఉన్నా లేనట్లే. బడికి వెళ్లే పిల్లవాడైతే బడిలోని ఉస్తాదుకు, మదర్సాలో ఉండే విద్యార్థి అయితే అక్కడి నిర్వాహకులకు సంగతి చెప్పి, మందు చూపించి రావాలి.

ఇతరుల మందు వాడవచ్చా? ఇవ్వడం తప్పనిసరా?

దావత్‌లో ఒకరికి ఎలర్జీ వచ్చింది. ఆయన వద్ద మందు లేదు. పక్కనే ఉన్న మరొకరి సంచిలో, ఆయన బిడ్డ కోసం తెచ్చిన మందు ఉంది. అది ఇచ్చేస్తే రేపు తన బిడ్డకు అవసరమైతే ఎలా అన్నది ఆ తండ్రి ఆందోళన. ఇది తేలిగ్గా తీసిపారేసే ఆందోళన కాదు.

ఆకలితో చావబోతున్న వ్యక్తి గురించి ఫుఖహాలు చేసిన చర్చ ఇక్కడ దారి చూపుతుంది. ఆహారం ఉన్నవాడికే ప్రాణావసరం ఉంటే అతనిదే మొదటి హక్కు. అతనికి ఆ క్షణంలో అవసరం లేకపోతే ఇవ్వడం తప్పనిసరి. నీళ్లు అడిగిన వ్యక్తికి ఒక ఇంటివారు ఇవ్వకపోవడంతో అతను దాహంతో చనిపోతే, హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఇంటివారి నుంచి దియత్ ఇప్పించారని ఉల్లేఖనం ఉంది. రేపు రావచ్చునన్న అవసరం కన్నా, కళ్లెదుట పోతున్న ప్రాణం బరువైనది. ఒక్క ప్రాణాన్ని నిలబెట్టడం మానవాళినంతటినీ నిలబెట్టడంతో సమానమని అల్‌మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తోంది. ఆ ప్రాణం ముస్లిందా, హిందువుదా అన్న తేడా అందులో లేదు. మన పొరుగువాడు పొలంలో కందిరీగలు కుట్టి పడిపోతే ఆ మందుపై అతనికీ హక్కు ఉంది. అయితే ఆ మందు అవతలివారికి ఇవ్వదగినదేనా, మోతాదు సరిపోతుందా అని 108కు ఫోన్ చేసి అడగగలిగితే అడగాలి.

అదే సమయంలో ఫిఖ్‌హ్‌లో మరో సూత్రం ఉంది. అవసరం ఒకరి హక్కును రద్దు చేయదు. కనుక మందు వాడుకున్న కుటుంబం దాన్ని కొని తిరిగి ఇవ్వడమో, ఖరీదు చెల్లించడమో చేయాలి. అదీ ఆలస్యం లేకుండా చేయాలి. ఎందుకంటే అవతల ఒక బిడ్డ మందు లేకుండా ఉన్నాడు.

వడ్డించేవారి బాధ్యత

మందు దాకా రాకుండా చూడటం ఇంకా మేలు. మన వలీమాల్లో మిర్చి కా సాలన్ వడ్డిస్తారు. అందులో పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారు. ఈద్ నాటి షీర్ ఖుర్మాలో, డబుల్ కా మీఠాలో జీడిపప్పు, బాదం ఉంటాయి. నూరి కలిపితే కంటికి కనబడవు. అతిథి "ఇందులో పల్లీలున్నాయా?" అని అడిగితే తెలుసుకుని చెప్పాలి. "కొంచెం తింటే ఏమీ కాదు" అని బలవంతం చేయడం మర్యాద కాదు. 2016లో బ్రిటన్‌లో నటాషా ఎడ్నాన్-లాపెరూజ్ అనే పదిహేనేళ్ల బాలిక నువ్వులు కలిసిన సంగతి తెలియక ఒక రొట్టె తిని, విమానంలో అస్వస్థతకు గురై మరణించింది. రొట్టె పొట్లంపై ఆ సంగతి రాసి లేదు. తండ్రి రెండు ఇంజెక్టర్లు వాడినా ఆమె దక్కలేదు. ఆ తర్వాత 2021 అక్టోబరు నుంచి అక్కడ చట్టం మారింది. అమ్మేవాడు సరుకు లోపాన్ని దాచకూడదన్న దైవప్రవక్త (స) ఆదేశం తెలిసిన మనకు చట్టం వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు.

మందు వాడినా మనిషి దక్కని సందర్భాలు ఉంటాయని కూడా ఈ సంఘటన తెలుపుతోంది. చేయవలసినదంతా చేసిన తర్వాత అల్లాహ్ నిర్ణయం జరిగితే, ఆ తల్లిదండ్రులపై నింద లేదు. వారికి సబ్ర్ పుణ్యం ఉంది. "ఇలా చేసి ఉంటే బతికేవాడు" అని వారిని గుచ్చడం మనకు తగదు.

రెండు సందేహాలు

ఉపవాసంలో ఈ సూది తీసుకోవచ్చా? నిస్సందేహంగా తీసుకోవాలి. పోషకం కాని సూదిమందు కండలోకి ఇస్తే ఉపవాసం భంగం కాదని 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ సమావేశం తీర్మానించింది. దవాఖానాలో నోటి ద్వారా మందు ఇవ్వవలసి వస్తే ఉపవాసం విడిచి, తర్వాత ఖజా చేసుకోవాలి. మందులో హరామ్ పదార్థం ఉంటుందా అన్నది రెండో సందేహం. ఈ సూదిమందులో సాధారణంగా ఉండేవి అడ్రినలిన్, ఉప్పు, చెడకుండా ఉంచే సల్ఫైట్, శుద్ధమైన నీరు. ఈ విషయంలో బెంగ అవసరం లేదు.

ఆపద వచ్చినప్పుడు

తొడలో సూది ఇచ్చి వెంటనే 108కు ఫోన్ చేయాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి. లేపి నడిపించకూడదు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో మోతాదు అవసరం కావచ్చు. తగ్గినట్లు కనిపించినా దవాఖానాకు తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దూరపు పల్లెల వారికి అక్కడికి చేరేలోగా గడిచే సమయమే గండం. ఆ సమయాన్ని దాటించేదే ఇంట్లోని సూది.

సోదర సోదరీమణులారా! ఈ రోజు మీ ఇంట్లో ఎవరికీ ఏ ఆపదా లేదు. అల్లాహ్ ఇచ్చిన ఈ తీరికే నేర్చుకునే సమయం. మీ ఇంట్లో అటువంటి మనిషి ఉంటే ఈ వారమే డాక్టరును అడగండి. మందు ఉంటే ఇప్పుడే లేచి దాని గడువు తేదీ చూడండి. ప్రయత్నం మన వంతు, ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. మన చేతికి అప్పగించిన ప్రాణాల అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.